పల్లె థీమ్ డిన్నర్ షోకి చిన్నపిల్లలతో: ఆకు ఎన్నింటికి, సీటు ఎక్కడ, శబ్దం ఎంత?

చంపావతి_గట్టు (విజయనగరం)

భోగాపురం వైపు హైవే పక్కన ఒక రిసార్టులో శనివారం రాత్రి ‘పల్లె విందు’ అని పెడుతున్నారు. తప్పెటగుళ్లు, పులివేషం, తోలుబొమ్మలాట, ఆఖర్న నిప్పుతో కర్రసాము. నడుమ అరిటాకుల్లో బంతి భోజనం. కరపత్రంలో 7 నుంచి 10 వరకు అని వేశారు. పాపకి 4 దాటాయి, బాబుకి 22 నెలలు. అత్తగారు కూడా వస్తారు, ఆవిడకి మోకాళ్ల నొప్పి. డబ్బు కట్టేముందు ఫోన్లో ఏమేం అడగాలి, ఎక్కడ కూర్చోవాలి, బాబుని తేవచ్చా లేదా? ‘బాగుంటుంది వెళ్లండి’ అనే మాట ఇప్పటికే నలుగురు చెప్పారు. లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి.

బంతిలో_చివరాకు (బొబ్బిలి)

షో సంగతి తర్వాత. మొదట అడగాల్సింది ఒక్కటే: మొదటి బంతి ఎన్నింటికి?

ఒక బంతి లేవడానికి 35 నుంచి 40 నిమిషాలు. ఆకులెత్తి, తుడిచి, మళ్లీ వేయడానికి ఇంకో 10. వచ్చినవాళ్లు రెండు బంతులైతే, మొదటిది 8:15కి వేసినా రెండోది 9 దాటాకే. ఇంట్లో ఏడున్నరకి తినేసే పిల్ల తొమ్మిదింటి దాకా ఆగితే ఆకలి చచ్చిపోయి అప్పడమూ బూరే తప్ప ఇంకేమీ ముట్టదు. పులి వల్ల ఏడ్చిందని అందరూ అనుకుంటారు. ఆ ఏడుపులో సగం ఆకలిదే, మిగతా సగం నిద్రది.

కాబట్టి ఫోన్లో ఇలా అడగండి. ‘చిన్నపిల్లలున్నవాళ్లకి మొదటి బంతిలో ఆకు రాసి ఉంచుతారా? పిల్లలకి మాత్రం 7:15కే పప్పు, నెయ్యి, పెరుగన్నం ఇవ్వగలరా?’ వంటవాళ్లకి ఇది కష్టమేం కాదు. అన్నం, పప్పు ఆ వేళకి దిగిపోయే ఉంటాయి, ఆలస్యమయ్యేవి వేపుళ్లూ గారెలే. ‘అందరితో పాటే’ అంటే బయల్దేరే ముందు 6 గంటలకి ఇంట్లోనే సగం కడుపు నింపండి. పాపకి రెండు ఇడ్లీలు, బాబుకి ఒకటి చాలు.

ఇక బంతిలో ఎక్కడ కూర్చోవాలన్నది. వడ్డించేవాళ్లు ఆకుల ముందు నుంచి నడుస్తారు. వాళ్ల చేతిలో సాంబారు బకెట్టు ఊగే ఎత్తూ, నేల మీద కూర్చున్న నాలుగేళ్ల పిల్ల తల ఎత్తూ దాదాపు ఒకటే. పిల్ల ముందుకి వంగిందంటే ప్రమాదం అక్కడే. నేను పెట్టే పద్ధతి చెప్తాను:

పిల్లకి ఇద్దరు పెద్దల మధ్య ఆకు వేయించండి. వేడివి, అంటే పప్పు, సాంబారు, చారు, పిల్ల ఆకులో వేయొద్దని వడ్డించే అబ్బాయికి ముందే చెప్పండి. అవి మీ ఆకులో వేయించుకుని, చల్లారాక మీరే కలిపి పెట్టండి. చంటివాడిని ఒళ్లో పెట్టుకుని బంతిలో కూర్చోకూడదు. వాడి చెయ్యి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. ఒకరు తినేటప్పుడు ఇంకొకరు వాడిని ఎత్తుకుని పక్కకి తిప్పాలి.

మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి బల్లా కుర్చీ ఎక్కడైనా వేస్తారు, కానీ దాన్ని బంతికి దూరంగా ఓ మూల వేస్తారు. దాన్నే మీరు వాడుకోండి. అత్తగారితో పాటు బాబునీ ఆ బల్ల దగ్గరే కూర్చోబెడితే బకెట్ల గొడవ ఉండదు.

మైకుసెట్టు (శ్రీకాకుళం)

శబ్దం గురించి నేను చెప్తాను. తప్పెట అంటే రేకు. తోలు డప్పు బొంగురుగా మోగుతుంది, రేకు తప్పెట సన్నగా, పదునుగా కొడుతుంది. చెవికి తగిలేది ఆ పదునే. 15, 20 మంది గుండెలకి కట్టుకుని రెండు చేతులా వాయిస్తుంటే మైకు అవసరమే లేదు. అయినా రిసార్టుల్లో మైకు పెడతారు. అదే తప్పు.

పెద్దవాళ్లు పనిచేసే చోట వాడే లెక్క ఇది: 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండొచ్చు. అక్కణ్నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. చిన్నపిల్లల విషయంలో ఇంకా తక్కువలోనే ఉండాలి. ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ కచ్చితంగా చూపించదు కానీ 80కీ 95కీ తేడా చెప్పగలదు. అది చాలు. యాప్ లేకపోతే ఇంకో గుర్తు: చెయ్యి చాపినంత దూరంలో ఉన్న మనిషితో మాట్లాడటానికి గొంతు పెంచి అరవాల్సి వస్తే, ఆ చోటు పిల్లలకి పనికిరాదు.

బయలులో దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. సౌండు బాక్సుకి 3 మీటర్ల దూరంలో 98 ఉంటే 6 మీటర్ల దగ్గర 92, 12 మీటర్ల దగ్గర 86. రేకుల షెడ్డు కింద ఈ లెక్క పనిచేయదు, పైకప్పు తిప్పి కొడుతుంది కాబట్టి వెనక్కి జరిగినా అంతగా తగ్గదు. అందుకే ‘షో బయలులోనా, షెడ్డు కిందా?’ అని అడగడం మర్చిపోకండి.

చెవుల్లో దూది పెట్టడం వల్ల ఒరిగేది చాలా తక్కువ. నురుగు బిళ్లలు (చెవిలో దూర్చేవి) చిన్నపిల్లలకి సరిపోవు, పైగా తీసి నోట్లో పెట్టుకుంటారు. చెవులు మొత్తం కప్పే మఫ్‌లే కొనండి, పిల్లల సైజువి. ఇంట్లో రెండు మూడు రోజులు మిక్సీ వేసినప్పుడల్లా పెట్టి అలవాటు చేయండి. కొత్తగా అక్కడే పెడితే పీకి పారేస్తారు.

రేకు_తప్పెట (చీపురుపల్లి)

మైకుసెట్టు బాబూ, రేకుని అంత తిట్టీకు. తప్పు మైకుదే, తప్పెటది కాదు.

సంపావతి గారూ, ఆట ఎలగ నడుస్తాదో సెప్తాను, దాన్నిబట్టి కూకోండి. ఎక్కువగా గొల్లలాడే ఆట ఇది, వానల కోసం గంగమ్మకి మొక్కుకుని ఆడేది. మొదట్ల దేవతల పాట, దరువు నెమ్మదిగుంటాది. పిల్లలకి అప్పుడే అలవాటవ్వాల. తరవాత గురువు ఈల ఊదితే దరువు మారిపోద్ది, అడుగు బేగి పడతాది, గజ్జెలు తోడవుతాయి. ఆఖర్న ఒకరి బుజాల మీద ఒకరెక్కి గోపురం కడతారు, తప్పెట మాత్రం ఆపరు. నాలుగేళ్ల గుంట కళ్లార్పకుండా సూసేది అదే. కాబట్టి దరువు ముదిరినప్పుడు బయటికి తీస్కుపోయినా గోపురం కట్టే వేళకి ఎనక్కి తెచ్చీయండి.

గుంటలు మొదటి వరసలో కూకోకూడదు. ఆటగాళ్లు గుండ్రంగా తిరుగుతూ అంచు దాకా వచ్చీస్తారు, కాళ్లకి గజ్జెలుంటాయి, కిందన కూకున్న గుంటల్ని సూస్కోరు. మూడో వరసో నాలుగో వరసో, పక్క అంచున కూకోండి. దారి మీ సేతిలో ఉంటాది.

మైకుసెట్టు (శ్రీకాకుళం)

ఒప్పుకున్నాను మావా. ఆ పక్క అంచున కూడా సౌండు బాక్సు లేని వైపు చూసుకోమను. వేదికకి రెండు వైపులా బాక్సులుంటాయి, కానీ నేల మీద పెట్టే పెద్ద బాస్ బాక్సు చాలాచోట్ల ఒకవైపే ఉంటుంది. దాని వైపు వద్దు.

గంటస్తంభం_నీడ (విజయనగరం)

నా మాట వేరు. 22 నెలల బాబుని తీసుకెళ్లకండి. వాడికి ఆ షోలో ఏదీ అందదు. పాపకి నాలుగేళ్లు, చూస్తుంది, గుర్తుంచుకుంటుంది. బాబుని అత్తగారి దగ్గర ఇంట్లో ఉంచితే ఆవిడ మోకాళ్లకీ సుఖం, మీకూ సుఖం. మూడు టికెట్ల డబ్బుతో పని అయిపోతుంది.

బంతిలో_చివరాకు (బొబ్బిలి)

అత్తగారికి ఇష్టం లేకుండా ఆవిణ్ని పిల్లాడికి కాపలా పెట్టేస్తే సుఖం ఎవరికి సార్? తప్పెటగుళ్లు చూడాలన్న సరదా పిల్లల కంటే ఆవిడకే ఎక్కువ ఉండొచ్చు. ముందు ఆవిణ్ని అడగాలి.

మందుల_చీటీ (రాజాం)

రెండేళ్ల లోపు పిల్లల్ని తేకూడదని నియమమేం లేదు. తెస్తే మూడు గంటలూ ఉంచకండి, అంతే. మొదటి 40 నిమిషాలు, ఒక ఐటెం, పెరుగన్నం, ఇంటికి. ఇద్దరు పిల్లలకి ఇద్దరు పెద్దలు కాక మూడో మనిషి ఉంటేనే అది కుదురుతుంది. మీకు ఉన్నారు.

భయం గురించి. రెండు నుంచి అయిదేళ్ల మధ్య వేషం వేరు, మనిషి వేరు అన్న తెలివి ఇంకా గట్టిపడదు. ‘అది మనిషేరా’ అని మనం చెప్పినా కళ్లముందు తోక ఊపే పులి వాళ్లకి పులే. పనికొచ్చేవి రెండు. మేకప్ వేసే చోటు చూపించమని నిర్వాహకుల్ని అడగండి. ఒంటికి పసుపు రంగు పూసి, నల్ల చారలు గీస్తుండగా చూసిన పిల్లకి సగం భయం అక్కడే పోతుంది. రెండోది, ఫోటో కోసం పులి ఒళ్లో కూర్చోబెట్టకండి. పాప తనంతట తాను దగ్గరికి వెళ్తే వెళ్లనివ్వాలి, లేకపోతే లేదు. భయపడి మీ మెడ కరుచుకుంటే వీపు నిమురుతూ వెనక్కి నడవండి. ‘భయమెందుకు, నువ్వు పెద్దదానివి కదా’ అని ముందుకి తొయ్యకండి.

ఇంక గొంతుకి అడ్డం పడేవి. పల్లె థీమ్ అనగానే స్వాగతానికి వేయించిన వేరుశనగలు, చెరకు ముక్కలు, జంతికలు, మరమరాల ఉండలు పెడతారు. అయిదేళ్ల లోపు పిల్లలకి గింజలు గింజలుగా వేరుశనగ ఇవ్వకూడదు. చెరకు పిప్పీ అంతే. ద్రాక్షపండు ఇస్తే నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వాలి. ఆడుతూ, పరిగెడుతూ, నవ్వుతూ ఏదీ నమలకూడదు. షోలో పిల్లలు సరిగ్గా అదే చేస్తారు కనుక పళ్లెం తీసి పైన పెట్టేయండి.

అడ్డం పడితే: దగ్గుతుంటే దగ్గనివ్వండి, వీపు మీద కొట్టకండి. శబ్దం రాక, ఊపిరాడక, పెదాలు నీలమైతే అప్పుడు ముందుకి వంచి రెండు బుజాల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు. పోకపోతే ఏడాది దాటిన పిల్లలకి వెనక నుంచి పట్టుకుని బొడ్డుకి పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ 5 సార్లు నొక్కాలి. ఏడాది లోపు వాళ్లకి పొట్ట నొక్కకూడదు, రొమ్ము ఎముక మీద నొక్కాలి. నోట్లో వేలు పెట్టి గుడ్డిగా వెతక్కూడదు, వస్తువు ఇంకా లోపలికి పోతుంది. ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి.

పైన బకెట్ల గురించి రాశారు కాబట్టి ఇదీ చెప్తాను. వేడిది ఒలికితే బట్ట, గాజులు వెంటనే తీసేసి (చర్మానికి అంటుకుంటే లాగొద్దు) కుళాయి కింద 20 నిమిషాలు పెట్టండి. టూత్‌పేస్టు, నెయ్యి, సిరా, ఐసుగడ్డ, ఏవీ వద్దు. ఐసు చల్లదనానికి చర్మం ఇంకా దెబ్బతింటుంది.

నాగావళి_ఇసుక (శ్రీకాకుళం)

తోలుబొమ్మలాట గురించి ఎవరూ రాయలేదు. దీనికి లైట్లన్నీ తీసేస్తారు. తెల్ల తెర, వెనక దీపమో బల్బో, తోలు మీద రంగులు. చీకటి అంటే జడిసే పిల్లలకి అసలు కష్టం బొమ్మలతో కాదు, లైట్లు టక్కున ఆరిపోవడంతోనే. చిన్న టార్చి పాప చేతికిచ్చి, వెలుగు నేలకి పట్టుకోమనండి. తెర మీద వేస్తే బొమ్మ కనబడదు, ఆడించేవాళ్లు విసుక్కుంటారు.

సంప్రదాయంగా ఇది రాత్రంతా ఆడేది. రిసార్టుల్లో అరగంటకో ముప్పావుగంటకో కుదిస్తారు. కుదించినప్పుడు ఏది ఉంచుతారో అడగండి. చాలామంది ఉంచేది యుద్ధమూ, జుట్టుపోలిగాడు, బంగారక్కల హాస్యమూ. ఆ హాస్యం పెద్దవాళ్ల కోసం పుట్టింది, మాటలు పచ్చిగా ఉంటాయి. రెండేళ్లవాడికి తెలియదు. నాలుగేళ్ల పాప మాత్రం మర్నాడు బడిలో ఒప్పజెప్పేస్తుంది.

అయిపోయాక తెర వెనక్కి తీసుకెళ్లి చూపించమని అడిగితే కాదనరు. చేతులూ కాళ్లూ కీళ్ల దగ్గర దారంతో కుట్టి ఉంటాయి, మధ్యలో నిలువు పుల్ల బొమ్మని నిలబెడుతుంది, చేతులకి వేరే పుల్లలు. పాపకి అది షో కంటే ఎక్కువ నచ్చొచ్చు. బొమ్మ పట్టుకోవాలంటే పుల్ల పట్టుకోవాలి, తోలు కాదు. నూనె చేతులు తోలు మీద పెడితే రంగు చెడుతుంది.

కొంకిపులుసు (పూసపాటిరేగ)

వంటల మీద ఒక ముక్క. ‘పల్లె రుచులు’ అంటే ఆవ పెట్టిన కూరలు తప్పకుండా పెడతారు. పనసపొట్టు, అరటికాయ. ఆవ ఘాటు కారంలా నాలుక మీద మండదు, ముక్కులోకి కొడుతుంది. పిల్లకి తెలియక ఒక ముద్ద తింటే అరగంట ఏడుపు. చూడటానికి మామూలు కూరలాగే ఉంటుంది కనుక ముందు మీరు రుచి చూడండి.

పిల్లలకి పెట్టదగ్గవి: ముద్దపప్పు నెయ్యి, గుమ్మడికాయ దప్పళం (తియ్యగా ఉంటుంది, ముక్క మెత్తన), కొబ్బరన్నంలో మిరపకాయలు ఏరేసి, పెరుగన్నం. చేపల పులుసు ఉంటే పెద్ద చేప నడుం ముక్కే అడిగి, వేళ్లతో చిదిపి ముల్లు చూసి పెట్టాలి. లైట్లు తక్కువున్న చోట చేప అసలు పెట్టకండి. పిత్తపరిగెల (చిన్న చేపల) వేపుడు పిల్లలకి వద్దు.

పానకం, మజ్జిగ ఏ నీళ్లతో కలిపారో, ఐసు ఎక్కడిదో అడగాలి. చెప్పలేకపోతే తాగించకండి. ఇంటి నుంచి నీళ్లు. ‘బయటి తిండి రానివ్వం’ అన్నా పసిపిల్లల డబ్బాకి ఎవరూ అడ్డుపెట్టరు, కానీ గేటు దగ్గర వాదన పెట్టుకునే బదులు ముందే ఫోన్లో చెప్పించుకోండి.

బఫే అయితే ఇంకో సంగతి. మూతపెట్టి కింద మంట పెట్టిన పళ్లెంలోదే తీసుకోండి, పొగలు రావాలి. గోరువెచ్చగా రెండు గంటలు దాటి కూర్చున్న కూర పిల్లకి వద్దు.

గంటస్తంభం_నీడ (విజయనగరం)

సరే, బాబుని తీసుకెళ్తారనే అనుకుందాం. అయితే దారి సంగతి చూడండి. విజయనగరం నుంచి నాతవలస దాకా పోయి హైవే ఎక్కాలి. రాత్రి తొమ్మిది తర్వాత ఆ హైవే మీద లారీలే. బండి మీద వెళ్దామని మాత్రం అనుకోకండి. నాలుగేళ్ల లోపు పిల్లల్ని మోటారు సైకిల్ మీద ఎక్కిస్తే హెల్మెట్, నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. నిబంధన పక్కన పెట్టినా, నిద్రపోయిన పిల్ల మెడ నిలవదు. కారే. పిల్లల సీటు ఉంటే వెనకన బిగించండి. ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టడం అన్నిటికంటే చెడ్డది.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవాళ్లు రణస్థలం, పైడిభీమవరం దగ్గర ఫ్యాక్టరీ బస్సులు, లారీలు తిరిగే వేళ చూసుకుని అరగంట కలుపుకోండి.

తారీఖు కూడా చూడండి. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ ముందు రోజు తొలేళ్లు. ఆ రెండు రోజులూ మూడు లాంతర్లు, కోట, గంటస్తంభం చుట్టుపక్కల నుంచి కారు బయటికి తీయడం అయ్యే పని కాదు.

రేకు_తప్పెట (చీపురుపల్లి)

సిరిమాను రోజున డిన్నర్ షోకి పోయే ఇజీనారం మనిషి ఉంటాడేటి!

గంటస్తంభం_నీడ (విజయనగరం)

ఉండడు. టికెట్ ముందే కొనేసినవాడి కోసం చెప్పాను.

చిత్తడి_నేల (కళింగపట్నం)

నిప్పుతో కర్రసాము ఉందన్నారు కదా. కర్ర చివర గుడ్డ చుట్టి కిరోసిన్‌లో ముంచి తిప్పుతారు. తిరిగేటప్పుడు చుక్కలు ఎగిరిపడతాయి, అవి మండుతూనే పడతాయి. 20 అడుగుల లోపల ఏ పిల్లా ఉండకూడదు, మొదటి వరసైతే ఇంకా దూరం. గాలి చూడండి. సాయంత్రం పూట తీరంలో గాలి సముద్రం మీంచి ఊరి వైపు వీస్తుంది. కాబట్టి సముద్రం వైపు కూర్చున్నవాళ్ల మీదికి పొగ, నిప్పు రవ్వలు రావు. రాత్రి ముదిరేకొద్దీ గాలి పడిపోతుంది, ఒక్కోసారి తిరుగుతుంది. నిప్పు మొదలయ్యే ముందు చేతిరుమాలు పైకెత్తి ఎటు ఊగుతోందో చూసుకోండి.

నెట్ గౌను, నైలాన్ లంగా వేయకండి. రవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. నూలు బట్ట, పొడుగు చేతులు, పొడుగు పైజామా. దోమలకీ అదే మందు. దోమల క్రీము కాళ్లకీ చేతులకీ రాయండి, పిల్లల అరచేతులకి కాదు, నోట్లో పెట్టుకుంటారు. యూకలిప్టస్ నిమ్మనూనె రకం మూడేళ్ల లోపు పిల్లలకి వాడకూడదు. మీ బాబుకి వద్దు.

దగ్గర్లో బకెట్లతో ఇసుక, తడి గోనెసంచులు ఉన్నాయా అన్నది చూస్తే నిర్వాహకులు ఎలాంటివాళ్లో ఒక్క చూపులో తెలిసిపోతుంది. లేకపోతే ఆ ఐటెం చూడకుండానే వచ్చేయండి.

థీమ్ కోసం పెట్టిన తామర కొలను, గట్టు తక్కువున్న బావి, ఎడ్లబండి, వీటి దగ్గర కూడా కన్నేసి ఉంచాలి. చీకట్లో అలంకారం కోసం నీళ్ల మీద పూలు పరుస్తారు, పిల్లలకి అది నేలలా కనిపిస్తుంది. ఎడ్లబండి ఎక్కితే పిల్లల కాళ్లు బయటికి వేలాడకూడదు, చక్రం ఆకుల్లో పడతాయి.

పైసా_వసూల్ (పాలకొండ)

డబ్బు. నాలుగు ప్రశ్నలు వాట్సాప్‌లో అడిగి జవాబు రాతలో తెప్పించుకోండి.

పిల్లల టికెట్ వయసుని బట్టా, ఎత్తుని బట్టా? చాలాచోట్ల అయిదేళ్ల లోపు ఉచితం అంటారు గానీ ఆకు వేస్తే డబ్బు అంటారు. రెండూ వేరువేరుగా అడగాలి.

ధరలో జీఎస్టీ కలిసే ఉందా?

సర్వీస్ ఛార్జి వేస్తారా? అది కట్టి తీరాల్సింది కాదు. 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. బిల్లులో కనిపిస్తే తీసేయమనండి. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్.

వాన పడితే డబ్బు వెనక్కిస్తారా, తారీఖు మారుస్తారా, లేక షెడ్డు కిందకి మారుస్తారా? అక్టోబరు, నవంబరు నెలల్లో ఇది పెద్ద ప్రశ్న. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న మన వైపు తీరం దాటాయి. తుపాను దాకా వెళ్లక్కర్లేదు, ఓ మోస్తరు గాలికే షామియానా గుంజలు ఊగుతాయి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజు డబ్బు పోయినా సరే మానేయండి.

మైకుసెట్టు (శ్రీకాకుళం)

ఇంకొకటి. బయలులో రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకరు వాడకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన. దీని వల్ల ఏం జరుగుతుందంటే, షో 40 నిమిషాలు ఆలస్యంగా మొదలైతే చివరి ఐటెమ్‌లు కుదించేస్తారు. తప్పెటగుళ్లు వరసలో ఎక్కడున్నాయో చూసుకోండి. చివర్లో ఉంటే గోపురం కట్టకుండానే ముగించొచ్చు.

చంపావతి_గట్టు (విజయనగరం)

అందరికీ నమస్కారం. ఫోన్ చేశాను. వాళ్లు చెప్పింది: వచ్చినవాళ్లకి 7కి పానకం, వేరుశనగలు. 7:20 పులివేషం, 7:45 తప్పెటగుళ్లు, 8:20 మొదటి బంతి, 9:10 తోలుబొమ్మలాట, 9:40 నిప్పు. బయలులోనే, వాన పడితే షెడ్డు. పిల్లల ఆకు మొదటి బంతిలో ఉంచుతామన్నారు, ముందుగా విడిగా పెట్టడం మాత్రం కుదరదన్నారు. అయిదేళ్ల లోపు టికెట్ లేదు, ఆకు వేస్తే సగం ధర. సర్వీస్ ఛార్జి లేదు. వాన పడితే తారీఖు మారుస్తారు, డబ్బు ఇవ్వరు. అత్తగారిని అడిగాను. తప్పెటగుళ్లు చూడాలనుంది, తోలుబొమ్మలాట కూడా.

పులివేషమే మొదటిది. అది ఇబ్బందేమో?

మందుల_చీటీ (రాజాం)

ఇబ్బందే. వచ్చీ రాగానే, చోటు కొత్త, మనుషులు కొత్త, అప్పుడే పులి. 6:40కి చేరండి. మేకప్ గదికి పావుగంట ముందే వెళ్లి చూపించండి. ఆ వేళకి రంగు పూయడం చాలావరకు అయిపోతుంది కానీ తోక, తల కట్టడం మిగిలి ఉంటుంది. పాప చూడాల్సింది అదే. బాబుని పులివేషం నడిచే ఆ పాతిక నిమిషాలూ గేటు వైపు తిప్పుతూ ఉండండి, తప్పెటలు మొదలయ్యాక మఫ్‌లు పెట్టి తీసుకురండి.

బంతిలో_చివరాకు (బొబ్బిలి)

8:20 అన్నారంటే 8:40 అనుకోండి. బాబుకి 7:15కే మీ డబ్బాలోని పెరుగన్నం పెట్టేయండి, ఆకు వేయించొద్దు, సగం ధర మిగులుతుంది. పాపకి బయల్దేరే ముందు ఇడ్లీ. ఆకు ఒక్కటే.

రేకు_తప్పెట (చీపురుపల్లి)

తప్పెటగుళ్లు 7:45కి అంటే గోపురం కట్టీది 8:05, 8:15 మధ్యన. బాబుని అప్పుడు దగ్గరికి తెండి. ఆ తరవాత వాడు తొంగుంటే తొంగోనీండి.

గంటస్తంభం_నీడ (విజయనగరం)

బంతి లేచేసరికి 9:15 అవుతుంది. నిప్పు దాకా ఆగకండి. తోలుబొమ్మలాట మొదటి పావుగంట అత్తగారితో చూసి, లైట్లు వెలగకముందే లేవండి. అందరూ ఒకేసారి లేస్తే పార్కింగులోంచి బయటపడటానికే అరగంట. కారుని ముక్కు గేటు వైపు పెట్టి ఆపమని వచ్చినప్పుడే చెప్పండి.

నాగావళి_ఇసుక (శ్రీకాకుళం)

అలా మధ్యలో లేస్తే తెర వెనక చూడటం కుదరదు కదా. బంతి లేచాక, ఆట మొదలయ్యే ముందు పది నిమిషాలు ఖాళీ ఉంటుంది, బొమ్మల్ని తెరకి వరసగా గుచ్చి పెడుతుంటారు. అప్పుడే తీసుకెళ్లండి. పాప చేతులు కడిగి, తుడిచి.